కప్పున్న వంతెన, ముట్టని పిట్ట

బోయినపల్లి దిక్కున ఒక ఊరుంది. పేరు చెప్పను. చెబితే మీరు ఎప్పుడో అటు వెళ్ళి, "మాకు కోరుట్ల గంగాధర్ తెలుసు" అని నోరు జారతారు. వాళ్ళు మీ బండి చావి లాక్కుంటారు. కోపంతో కాదు, ముందుజాగ్రత్తగా; ఆ ఊరి మనుషులు నన్ను ఎప్పుడో మన్నించేశారు. కుక్కలు కూడా మరిచిపోయాయి. కాకులు మాత్రం మరవలేదు. నేను బస్సు దిగగానే ఒకటి అరుస్తుంది, అది విని ఇంకొకటి, చివరికి చింతచెట్టు చింతచెట్టంతా నన్ను తిట్టిపోస్తుంది. నా ఘనకార్యం విన్నాక మీరు కూడా కాకుల పక్షమే చేరతారని తెలుసు. అయినా చెబుతాను. నవ్వుకోండి, కానీ మా ఇంటావిడ ఎదుట మాత్రం నవ్వకండి. ఈ కథలో చివరికి గెలిచింది ఆమె, ఆ సంగతి గుర్తు చేస్తే మళ్ళీ మొదటినుంచీ వినాల్సింది నేను.

అసలు ఈ పిచ్చి నాకు ఇక్కడ అంటుకోలేదు, దుబాయ్‌లో అంటుకుంది. మా కోరుట్ల వాళ్ళు దుబాయ్ నుంచి బంగారం తెస్తారు, అత్తరు తెస్తారు, మందపాటి దుప్పట్లు తెస్తారు. నేను పిచ్చి తెచ్చుకున్నాను. అక్కడ కంపెనీ వ్యాను నడిపేవాణ్ణి. క్యాంపు నుంచి సైటుకు, సైటు నుంచి క్యాంపుకు, ఏళ్ళ తరబడి అదే రోడ్డు. సెలవు రోజున పైమంచం మీద పడుకుని ఫోను తెరిస్తే అందులో ఒక తెల్లగడ్డం దొర కనిపించేవాడు. పొద్దున్నే మోటారు సైకిలెక్కి ఊరవతల ఎక్కడో ఉన్న పాత ధాన్యపు కొట్టం దగ్గరికి వెళ్ళేవాడు. నడుము మీద చేతులు పెట్టుకుని దాన్ని చూసేవాడు. తర్వాత, వాగు మీద ఇంటికి వేసినట్టు పైకప్పు వేసిన పాత వంతెన దగ్గరికి వెళ్ళేవాడు. దాన్నీ అలాగే చూసేవాడు. రెండు రొట్టెముక్కలు తిని చీకటి పడకముందే ఇంటికి చేరేవాడు. అంతే వీడియో. ఎవరూ పిలవలేదు, ఎవరూ పంపలేదు. చూడాలనిపించింది, వెళ్ళాడు, చూశాడు, వచ్చాడు. అడగకుండా గేటు దాటలేని నాకు అంతకుమించిన రాజభోగం ఇంకొకటి ఉంటుందని తోచలేదు. ఒక్కరోజైనా అలా బతకాలని చాలా ఆశగా ఉండేది.

అందుకని ఇంటికి తిరిగొచ్చాక చేసిన మొదటి పని, ఒక పాత పెద్ద బండి కొనడం. రెండో పని, దాని సైలెన్సర్ మార్పించడం. ఆ రెండో పనే నా కొంప ముంచింది. అది స్టార్టయితే మా వాడకట్టులో పసిపిల్లలు లేచేవాళ్ళు, ముసలివాళ్ళు "మిల్లు షురూ చేసిండ్రా?" అని అడిగేవాళ్ళు. వారమంతా ట్రాలీ ఆటో నడిపి సామాన్లు మోసేవాణ్ణి. ఆదివారం వస్తే హెల్మెట్ పెట్టుకుని చరిత్ర మీద పడేవాణ్ణి.

తోడుగా మా బామ్మర్ది శ్రీను వచ్చేవాడు. ఫోన్లో వీడియోలు తీయడం వాడి పని. వాడికి ఆదివారం ఖాళీ, కడుపు ఏ వారమైనా ఖాళీ. ఇద్దరం ముందు జగిత్యాల ఖిల్లా చూశాం. నడుము మీద చేతులు పెట్టుకుని చూశాం. తర్వాత మా కోరుట్ల కోనేరు చూశాం. పుట్టి పెరిగిన ఊళ్ళో ఉన్నదాన్ని హెల్మెట్ పెట్టుకుని వెళ్ళి చూసి వచ్చినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. ఆ తర్వాత ఊరూరా దొరల కాలంనాటి వడ్ల కొట్టాల మీద పడ్డాం.

మా ఆవిడ సుజాతకు ఇది ససేమిరా నచ్చలేదు.

"ఒక కొట్టం సూస్తందుకు గంత దూరం పోవుడేంది? మన ఇంటెనుక బర్రె కొట్టం లేదా? గది సుత పాతదే. పోయి మంచిగ సూడు. సూసినంక పెండ తియ్యి."

దూరపు కొట్టాలు నునుపు అని ఆమెకు ఎలా చెప్పను?

కొట్టాలు ఎన్నో దొరికాయి కానీ కప్పున్న వంతెన మాత్రం ఎక్కడా దొరకలేదు. అది లేకపోతే ఆ తెల్లగడ్డం ముందు నేను సగం మనిషినే అనిపించేది. ఒకసారి సిరిసిల్లలో చాయ్ తాగుతూ ఈ బాధ శ్రీనుతో చెప్పుకుంటుంటే, పక్కన కూర్చున్న సాంచెల మనిషి, మగ్గాల మోతలో ఉండి ఉండి గట్టిగా మాట్లాడడం అలవాటైన మనిషి, కప్పు కింద పెట్టి అరిచాడు.

"కప్పున్న వంతెననా? మా అత్తగారి ఊళ్ళె ఉన్నదన్నా! బోయినపల్లి దిక్కు."

"నిజంగనా?"

"అబద్ధం చెప్తె నాకేమస్తది? ఊరికీ దొరగారి వడ్ల కొట్టానికీ నడుమ ఒక ఒర్రె ఉన్నది. ఆనకాలం బస్తాలు తడుస్తున్నయని దొర దాని మీద రాతి వంతెన కట్టిచ్చి, పైన గూన పెంకులతోని కప్పు ఏపిచ్చిండు. దొర ఉండే గడి కూలిపోయింది గని వంతెన గట్లనే ఉన్నది."

చాయ్ పక్కన పెట్టి ఊరి దారి అడిగి తెలుసుకున్నాను. తెల్లగడ్డం దొరకు వాళ్ళ దేశమంతా తిరిగితే దొరికింది నాకు సిరిసిల్ల చాయ్ హోటల్లో దొరికింది.

వచ్చే ఆదివారమే ముహూర్తం పెట్టాను. ఆ ఆదివారం సుజాతను మెట్‌పల్లిలో వాళ్ళ చెల్లెలింటికి తీసుకెళ్తానని అంతకుముందే ఒప్పుకున్న సంగతి నాకు గుర్తులేదు. ఆమెకు ఉంది.  తిట్టడానికి బదులు వండింది. పొద్దున్నే లేచి ఒక డబ్బా కట్టి నా చేతిలో పెట్టింది. మూత తీయకముందే వాసన వచ్చింది. జొన్నరొట్టెలు, ఎండు చేపల వేపుడు.

"ఏందే ఇది? గింత పెద్ద బండి మీద పోయెటోడు ఎండు శాపలు తినాల్నా? నలుగురు సూస్తె ఇజ్జత్ పోదా?"

"చరిత్ర నంజుకొని తిను, కమ్మగుంటది" అని లోపలికి వెళ్ళిపోయింది.

డబ్బాను హ్యాండిల్‌కు తగిలించి బయలుదేరాం. జగిత్యాల దాటి కొండగట్టు దగ్గర ఆగాం. నీసు డబ్బాతో గుట్ట ఎక్కలేము గనక కిందనుంచే అంజన్నకు దండం పెట్టుకున్నాం. అంతలో ఒక కోతి వచ్చి డబ్బా పట్టుకుంది. మూత దగ్గర ముక్కు పెట్టింది. నా ముఖం చూసింది. డబ్బా వదిలేసి మెల్లగా వెనక్కి నడిచి వెళ్ళిపోయింది.

"బావా, కోతి సుత వద్దన్నది" అన్నాడు శ్రీను.

"నోర్ముయ్‌రా" అన్నాను. కానీ మనసులో చాలా చిన్నబోయాను.

ఊరు చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. పొలాల మధ్య బాట పట్టుకుని ఒక మలుపు తిరగ్గానే కనిపించింది. అబ్బ! రాతి కమానుల మీద వంతెన, దాని మీద రెండు పక్కలా రాతి గోడలు, పైన నల్లబడిన గూన పెంకుల కప్పు. లోపల చల్లగా చీకటి, అవతలి కొస మాత్రం వెలుతురు. ఒర్రెకు, అదే ఆ చిన్న వాగుకు, అవతల పెద్ద టేకు దూలాలతో వడ్ల కొట్టం. నడుము మీద చేతులు వాటంతట అవే వెళ్ళాయి. నాకు నిజంగా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పైమంచం మీద పడుకుని కన్న కల కళ్ళెదుట నిలబడితే మీకూ తిరుగుతాయి.

అక్కడితో ఆగి, చూసి, వచ్చి ఉంటే ఈ కథ లేదు. కానీ ఆ కప్పు కింద నా బండి మోత ఎలా మోగుతుందో వినాలనిపించింది.

"శ్రీనూ, నువ్వు ఇక్కన్నే నిలబడి వీడియో తియ్యి. నేను నడుమకు పోయి రేజ్ చేస్త. సౌండు మస్తు వస్తది."

"కానియ్యి బావా!"

వంతెన నడుమకు వెళ్ళి ఆగాను. హెల్మెట్ సర్దుకున్నాను. యాక్సిలేటర్ తిప్పాను.

అయ్యా, అది మోత కాదు. పిడుగు పడి, లేచి, మళ్ళీ పడింది. రాతి గోడలు ఆ మోతను పట్టుకుని ఒకదానికొకటి విసురుకున్నాయి. నాకు పిచ్చి ఆనందం వచ్చి ఇంకా తిప్పాను. పైన కప్పు గడగడలాడింది. అవతలి కొసన రెండు పెంకులు జారి కింద పడ్డాయి, ఫటేలుమని ఏదో పగిలిన చప్పుడు. అదే క్షణాన అవతలి వెలుతురులోంచి నల్లగా ఒక గుంపు పైకి లేచి, కావుకావుమంటూ పొలాల మీదుగా పారిపోయింది. ఆ వెనకే వడ్ల కొట్టం నీడలోంచి మనుషులు లేచారు. ఆడా మగా ఊరు సగం ఉంటారు. చేతులు ఊపుతూ నావైపే పరుగెత్తుకొస్తున్నారు.

ఇక్కడ నేను ఏం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. నన్ను చూసి ముచ్చటపడి ఎదురొస్తున్నారనుకున్నాను. హెల్మెట్ తీసి, నవ్వుతూ నేనూ చెయ్యి ఊపాను.

"ఆపురా! ఆపు! నీ బండి పాడుగాను!"

బండి ఆపి, దాన్ని నడిపించుకుంటూ అవతలికి వచ్చాక చూశాను. వంతెన కొసన రాతిబండ మీద పెద్ద విస్తరి. అందులో అన్నం, మటన్ కూర, కోడి కూర, గారెలు, ఒక కట్ట బీడీలు. పక్కన కల్లు లొట్టి రెండు ముక్కలై ఉంది. కల్లు బండ మీదనుంచి ఒర్రెలోకి కారుతోంది. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకుండానే నేనేం చేశానో అర్థమైంది.

మా వైపు మనిషి పోయిన మూడో రోజు, ఆయనకు ఇష్టమైనవన్నీ వండి పిట్టకు పెడతారు. పిట్ట అంటే కాకే. విస్తరి పెట్టి అందరూ దూరంగా జరిగి, నోరు మూసుకుని కూర్చోవాలి. పిట్ట వచ్చి ముడితే పోయినాయన తృప్తిగా వెళ్ళాడని. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలి ఇక్కడే తిరుగుతున్నాడని. అది ముట్టేదాకా ఇంట్లోవాళ్ళు మెతుకు ముట్టరు. నేను సరిగ్గా అలాంటి విస్తరి ముందు చరిత్ర మోగించాను.

తెల్ల మీసాల పెద్దమనిషి ఒకాయన ముందుకొచ్చాడు. పేరు ఎల్లయ్య అని తర్వాత తెలిసింది.

"ఎవ్వలు తమ్మీ నువ్వు? ఏడికెళ్ళి అచ్చినవ్?"

"కోరుట్లకెళ్ళి."

"ఏం పని మీద?"

"గీ వంతెన సూద్దామని."

"వంతెన సూస్తందుకు కోరుట్లకెళ్ళి అచ్చినవా? కోరుట్లల వంతెనలు లెవ్వా?"

"ఉన్నయే. కప్పున్నయి లెవ్వు."

తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడ మేత కోసం అన్నవాడు కూడా నాకంటే మంచి జవాబే చెప్పాడనిపించింది. ఎల్లయ్య నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

"మా మల్లన్న పోయిండు తమ్మీ. పొద్దుగాల తాళ్ళెక్కి కల్లు గీసి, పగటీలి గీ వంతెన కప్పు కిందనే సల్లగ పండెటోడు. గందుకే గీన్నే పిట్టకు పెట్టినం. పొద్దటి సంది ఒక్క కాకి దిగలే. గిప్పుడే ఒక్కటి దిగి, ఇగ ముడుతది ముడుతది అనంగ నువ్వచ్చి బుర్రుమనిపిస్తివి!"

పోయిన ఆ మల్లయ్య కొడుకు సత్తయ్య అక్కడే ఉన్నాడు. గుండు చేయించుకుని, కళ్ళు ఎర్రగా, ఆకలితో ముఖం పీక్కుపోయి ఉన్నాడు. నన్ను ఒక దెబ్బ వేసినా నేను కాదనేవాణ్ణి కాదు. ఆయన కొట్టలేదు. చెయ్యి చాపి, "చావి ఇయ్యి" అన్నాడు.

ఇచ్చాను.

"పిట్ట ముట్టెదాక నువ్వు గీడికెళ్ళి కదలద్దు."

ఆ వెనక, కొట్టం అరుగు మీద ఒక ముసలమ్మ కదలకుండా కూర్చుని ఉంది. మల్లయ్య భార్య లచ్చవ్వ. తిట్టలేదు, ఏడవలేదు. ఖాళీగా ఉన్న చింతచెట్టు వైపు చూస్తూ, "ఇగ రాడు. అలిగి పోయిండు" అంది. అందరి తిట్లూ ఒక ఎత్తు, ఆ ఒక్క మాట ఒక ఎత్తు.  చావి సంగతి మరిచిపోయాను. ఎలాగైనా ఆ కాకి తిరిగి రావాలి అని అంజన్నకు మొక్కుకున్నాను.

శ్రీను కూడా వంతెన దాటి వచ్చాక, బండిని నెట్టుకుంటూ వెళ్ళి దూరంగా వేపచెట్టు కింద నిలబెట్టాం. అప్పుడు మా శ్రీను, దేవుడు వాడికి మంచి మనసిచ్చి తెలివి ఇవ్వడం మరిచాడు గనక, అందరూ వినేలా అన్నాడు.

"బావా, వీడియోల కాకి సుత పడ్డది!"

ఒక్కసారిగా అందరూ వాడి చుట్టూ మూగారు. క్రికెట్లో అవుటా కాదా అని తేల్చేటప్పుడు కూడా అంత శ్రద్ధగా ఎవరూ చూసి ఉండరు.

"మెల్లగ తిప్పు."

"ఇంక మెల్లగ."

"ఆగాగు! గదిగో ముట్టింది!"

"ఏడ ముట్టిందే? గది ముక్కు కాదు, నీడ."

"మెతుకు కదిలింది సూడు!"

"గాలికి కదిలింది. బండి పొగకు కదిలింది."

ఊరు రెండు పక్షాలుగా చీలిపోయింది. చివరికి ఎల్లయ్య ఫోను తీసుకెళ్ళి లచ్చవ్వకు చూపించాడు. ఆమె ఫోనును కళ్ళ దగ్గర పెట్టుకుని చూసి వెనక్కి ఇచ్చేసింది.

"ముట్టలే. నా మొగడు ఏదన్న ముడితే గట్ల సగంల ఇడిసిపెట్టెటోడు కాదు."

తీర్పు అయిపోయింది. మళ్ళీ అందరం కొట్టం నీడలో కూర్చున్నాం. ఇంకో లొట్టి కల్లు తెచ్చి పెట్టారు. చాలాసేపటికి కాకులు ఒక్కొక్కటే చింతచెట్టు మీదికి వచ్చాయి కానీ కిందికి దిగలేదు. విస్తరి చూస్తున్నాయి, నన్ను చూస్తున్నాయి. ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారు, నా బండి మోత మాత్రం కాకికి ముద్దెలా అవుతుంది?

"ఏదో కోరిక మిగిలింది" అన్నాడు ఎల్లయ్య. "ఒక్కొక్కలు పోయి మొక్కుర్రి."

ముందు సత్తయ్య వెళ్ళి విస్తరి ముందు చేతులు కట్టుకున్నాడు. "బాపూ, అవ్వను మంచిగ సూసుకుంట. రందివెట్టుకోకు."

కాకి కదల్లేదు.

కోడలు వెళ్ళింది. "మామా, ఇగ అత్తతోని లొల్లి పెట్టుకోను."

చెట్టు మీద కాకి అటు తిరిగి కూర్చుంది. ఆ మాట నమ్మినట్టు లేదు.

ఎల్లయ్య తానే లేచాడు. "మల్లన్నా, నువ్వు నేను తాళ్ళల్ల అనుకున్న ముచ్చట ఎవ్వలకు చెప్పనే. సచ్చినా చెప్ప."

"ఏం ముచ్చటది?" అంది గుంపులోంచి ఆయన భార్య.

"ఏం లేదే. నువ్వూకో" అని ఎల్లయ్య గబగబా వచ్చి కూర్చున్నాడు. కాకి దిగలేదు కానీ, ఆ ఇంట్లో ఆ రాత్రి ఏదో దిగి ఉంటుంది.

అందరూ అయ్యాక ఎల్లయ్య నావైపు తిరిగాడు. "తమ్మీ, ఇగ నువ్వు మొక్కు."

"నేనా? ఆయనెవ్వలో నాకు ఎరుకనే లేదు కదనే."

"ఆయనకు నువ్వు ఎరుకైనవ్ గద. పో."

వెళ్ళి విస్తరి ముందు నిలబడ్డాను. చేతులు జోడించాను. జీవితంలో ఒక్కసారి కూడా చూడని మనిషికి ఏం చెప్పాలి? నోటికొచ్చింది చెప్పాను, కానీ నిజంగానే చెప్పాను. "తాతా, తప్పయింది. నీ పగటి నిద్ర జాగల మోత జేసిన. ఇగ నీ వంతెన మీద బండి సప్పుడు చెయ్య. పడ్డ పెంకులు నేనే అచ్చి కప్పుత. లచ్చవ్వ పొద్దటి సంది ఏం తినలే. జెర దిగిరా."

చెట్టు మీద కాకి ఒకసారి అరిచింది. రెక్కలు విప్పింది.  లచ్చవ్వ లేచి నిలబడింది. కాకి కిందికి దిగింది, విస్తరి దాకా వచ్చింది, విస్తరి మీదుగా, నా తల మీదుగా ఎగిరి, అటు వేపచెట్టు కిందికి వెళ్ళిపోయింది.

అందరం అటు తిరిగాం. అక్కడ నా బండి. బండి సీటు మీద మూత తీసిన డబ్బా. డబ్బా పక్కన నోటి దాకా వచ్చిన ముద్దతో మా శ్రీను. ఊరంతా పస్తులుంటే, ఎవరూ చూడరని వాడు బండి చాటున భోజనానికి కూర్చున్నాడు. కాకి వాడిని లెక్కచేయకుండా డబ్బాలో ముక్కు పెట్టి, పొడవాటి ఎండు చేప ఒకటి పట్టుకుని, సీటు మీదే నిలబడి గుటకాయ స్వాహా చేసింది. ఆ వెనకే రెండోది దిగింది, మూడోది దిగింది. శ్రీను చేతిలోని ముద్ద కూడా పోయింది.

నేను చచ్చాననుకున్నాను. మటన్‌ను, గారెలను, కల్లును కాదని కాకులు నా డబ్బా మీద పడ్డాయి. ఇప్పుడు చావి కాదు, బండే ఉంచేసుకుంటారు.

అప్పుడు వెనకనుంచి ఒక నవ్వు వినిపించింది. లచ్చవ్వ. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది, కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"ఎండు శాపలు! ఒరేయ్ సత్తిగా, నిన్ననే చెప్పిన గాదురా! మీ బాపుకు ఎండు శాపలంటే పానం, అవ్వి లేకుంట ముద్ద దిగదు, గవ్వి పెడదాం రా అంటే ఇన్నవా?"

సత్తయ్య తల దించుకున్నాడు. "పదిమంది అచ్చెకాడ ఎండు శాపలు పెడితె ఏమనుకుంటరోనని..."

"పదిమందికి పెట్టినవా, మీ బాపుకు పెట్టినవా?"

సత్తయ్య అక్కడే కూలబడి ఏడ్చాడు. మూడు రోజులుగా పెద్దకొడుకు హోదాలో బిగబట్టుకున్న ఏడుపంతా అప్పుడు బయటికొచ్చింది. ఆ మాట నాకూ తగిలింది. పొద్దున మా ఇంటి గడపలో ఇజ్జత్ గురించి నేను మాట్లాడింది కూడా ఆ చేపల మీదే.

ఎల్లయ్య నడిచి వెళ్ళి, డబ్బాలో మిగిలిన చేపలు తీసుకొచ్చి విస్తరిలో పెట్టాడు. మేము వెనక్కి జరగనే లేదు, కాకులు దిగాయి. చేపలు ముట్టాయి, మటన్ ముట్టాయి, గారెలు ముట్టాయి. ఒకటి కల్లులో కూడా ముక్కు ముంచింది.

"గిప్పుడు సగంల ఇడిసిపెట్టలే" అంది లచ్చవ్వ. ఆ ముఖంలో వచ్చిన నెమ్మది చూశాక నాకు ఏ వంతెనా అంత అందంగా కనిపించలేదు.

తర్వాత మమ్మల్ని బలవంతంగా కూర్చోబెట్టి భోజనం పెట్టారు. రొట్టెలు అప్పటికే సగం తిన్న శ్రీనుకు ఆకలి లేకపోవాల్సింది, అయినా మూడుసార్లు కూర వేయించుకున్నాడు. వెళ్ళేటప్పుడు సత్తయ్య చావి నా చేతిలో పెట్టి, "అన్నా, ఊరు దాటెదాక నూకుకుంట పోర్రి" అన్నాడు. ఊరు దాటేదాకా నెట్టుకుంటూనే వెళ్ళాం. కదిలేముందు లచ్చవ్వ ఖాళీ డబ్బా కడిగిచ్చి అడిగింది.

"కొడుకా, శాపలు ఎవ్వలు వండిన్రు?"

"నా భార్య, అవ్వా."

"మంచిగ వండింది. నేను అన్ననని చెప్పు."

ఇంటికి వెళ్ళేసరికి సుజాత వాకిట్లోనే ఉంది.

"ఎట్లుండె శాపలు?"

"మస్తుండెనట."

"ఉండెనట ఏంది? నువ్వు తినలేదా?"

"తిన్నోళ్ళు చెప్పిండ్రు."

"ఎవ్వలు తిన్నరు?"

చెప్పక తప్పలేదు. చెప్పాను. ఆమె అంతా విని, ఖాళీ డబ్బా నా చేతిలోంచి తీసుకుంది. తర్వాత మెల్లగా అంది. "లగ్గమైన కాడికెళ్ళి వండి పెడుతున్న. మంచిగున్నదని ఒక్కనాడన్న అన్నవా? నా శేతి కూర మంచిగున్నదని కాకి వచ్చి చెప్పవట్టె."

కాకి ముక్కుకు దొండపండు అని ఎవరో ఎవరినో వెక్కిరించారు. మా ఇంట్లో ఆ రోజునుంచి కాకి ముక్కుకు ఎండు చేప అంటే మెచ్చుకోలు. మరునాడు సుజాతను మెట్‌పల్లి తీసుకెళ్ళాను, అడగకుండానే. బండి మీదే. పాత సైలెన్సర్ తిరిగి బిగించాక.

పై ఆదివారం బస్సులో ఆ ఊరు వెళ్ళి, సత్తయ్యా నేనూ కలిసి వంతెన పెంకులు కప్పాం. పగటిపూట ఇద్దరం ఆ చల్లటి నీడలోనే నడుం వాల్చాం. మల్లయ్య అక్కడే ఎందుకు పడుకునేవాడో అప్పుడు అర్థమైంది. ఒర్రె నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. చెట్టు మీద కాకులు మాత్రం నేను లేచేదాకా కాపలా కాశాయి.

కథ అక్కడితో అయిపోయిందని నేనూ అనుకున్నాను. కానీ ఈమధ్య ఒకరోజు ఎల్లయ్య ఫోను చేశాడు.

"తమ్మీ, మా వాడకట్టుల ఒకాయన పోయిండు. పిట్టకు పెట్టినం. పొద్దటి సంది ముడుతలేదు."

"అయ్యో! మరి నేనేం చెయ్యాల్నే?"

"మీ ఇంటామెతోని ఎండు శాపలు ఏపిచ్చుకొని డబ్బ పట్టుకొని జల్ది రా. బండి మాత్రం తేకు. బస్సుకు రా."

ఇప్పుడు ఆ చుట్టుపక్కల నాలుగూళ్ళలో నాకు పేరుంది. చరిత్ర చూసే గంగాధర్ కాదు, ఎండు శాపల గంగన్న. ఆ తెల్లగడ్డం దొరకు ఇంత పేరు రాలేదని నా నమ్మకం.

కాబట్టి కొండగట్టు అంజన్న సాక్షిగా, మల్లయ్య తాత సాక్షిగా, నన్ను ఇంకా తిడుతున్న చింతచెట్టు కాకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ పాత కొట్టానికి వెళ్ళినా, ఏ కప్పున్న వంతెన కనిపించినా, దూరంలోనే ఇంజను ఆపుతాను. ముందు విస్తరి ఉందేమో చూస్తాను, తర్వాత చెట్టు మీద చూస్తాను, ఆ తర్వాతే నడుము మీద చేతులు పెట్టుకుంటాను. డబ్బాలో ఏముందని సిగ్గుపడను. దాని మూత మాత్రం కొంచెం తీసే ఉంచుతాను, ఎవరికి ఏ కోరిక మిగిలిందో ఎవరు చూడొచ్చారు!